ఆశ కూడా ఒక సాగే

ముందు ముందు మేలు జరగవచ్చునన్న అంచనా, ఆ మేలు జరగడంలో తన చేతికీ పాత్ర ఉందన్న నమ్మకం. ఈ రెండూ కలిస్తే దాన్ని సానుకూల దృక్పథం అంటారు. మొదటిది ఒక్కటే ఉంటే అది ఎదురుచూపు. రెండోది తోడైతే ప్రయత్నం మొదలవుతుంది.

ఈ తేడా అరకు లోయలో ఒక కాఫీ మొక్క దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల్లో, సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న లోయ ఇది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, గదబ, కోందు వంటి తెగల వారు ఇక్కడి కొండవాలుల్లో సాగు చేసుకుంటారు. చోడి, సామ విత్తితే కొన్ని నెలల్లో గింజ ఇంటికొస్తుంది. కాఫీ మొక్క నాటితే కాపు చూడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అన్నాళ్లూ కలుపు తీయాలి, నీడ చెట్లను చూసుకోవాలి, పశువులు తొక్కకుండా కాపాడాలి, చేతికి మాత్రం ఒక్క రూపాయీ రాదు. ఏడాది తిండే ప్రశ్నగా ఉన్న ఇంటివారు నాలుగేళ్ల తర్వాతి ఫలం కోసం ఈ రోజు గొయ్యి తవ్వాలంటే మనసులో ఏం జరగాలి? సానుకూల దృక్పథం మీద గత అరవై ఏళ్లుగా సాగిన పరిశోధన చాలావరకు ఈ ప్రశ్నకు జవాబే.

మెదడు మొగ్గు ఎటు

మనిషి మెదడు మంచిని, చెడును ఒకే తక్కెడలో తూచదు. ఒకే రోజు వంద రూపాయలు దొరికి, ఇంకో వంద పోతే, రాత్రి పడుకునేటప్పుడు గుర్తొచ్చేది పోయిన నోటే. ఒక మెప్పును మరిచిపోయినంత తేలిగ్గా ఒక తిట్టును మరిచిపోలేరు. చెడు అనుభవానికి మంచి అనుభవం కంటే బలం ఎక్కువని అనేక అధ్యయనాలను క్రోడీకరిస్తూ మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు 2001లో వివరించారు. దీన్నే ప్రతికూల మొగ్గు అంటారు.

దీని వెనుక పరిణామ కారణం ఉంది. పొదలో చప్పుడైతే అది గాలే అనుకుని పొరపడినవాడికి రెండో అవకాశం ఉండదు. పులి అనుకుని పొరపడినవాడికి పోయేది కాసేపు పరుగు మాత్రమే. అడవి అంచున బతికిన మనిషికి అనుమానమే రక్ష. అరకు ప్రాంతపు థింసా నృత్యంలో ‘బాగ్ థింసా’ అని ఒక రకం ఉంది. పులి మీద పడితే ఎలా తప్పించుకోవాలో చూపే అడుగులవి. భయాన్ని దాచేయకుండా, దాన్ని నలుగురూ కలిసి నేర్చుకునే పాఠంగా మలచడం అందులో ఉంది. సానుకూల దృక్పథం అలవరచుకోవడమంటే ఈ జాగ్రత్తను చంపేయడం కాదు. అవసరం తీరాక కూడా మనసు దాన్నే పట్టుకుని వేలాడకుండా చూసుకోవడం.

చేతులెత్తేయడం, చేయి వేయడం

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కలపై చేసిన ప్రయోగాల ఫలితాలు 1967లో వెలువడ్డాయి. కొన్ని కుక్కలకు విద్యుత్ షాక్ ఇచ్చి, ఒక పలకను తలతో నొక్కితే అది ఆగే ఏర్పాటు చేశారు. మరికొన్నింటికి అంతే షాక్ ఇచ్చారు కానీ, ఆపే మార్గం వాటి చేతిలో లేదు. తర్వాత వాటిని చిన్న అడ్డుగోడ దూకితే షాక్ తప్పే పెట్టెలో ఉంచారు. మొదటి రకం కుక్కలు చప్పున దూకాయి. రెండో రకంలో ఎక్కువ కుక్కలు దూకే ప్రయత్నమే మానేసి పడుకుండిపోయాయి. ఏం చేసినా ఫలితం లేదని అవి నేర్చుకున్నాయన్న అర్థంలో శాస్త్రవేత్తలు దీనికి ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని పేరు పెట్టారు.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. ఎలుకల మెదడుపై జరిగిన పరిశోధనలు వారికి వేరే సంగతి చెప్పాయి. ఎడతెగని బాధ ఎదురైనప్పుడు కదలకుండా ఉండిపోవడం జీవికి పుట్టుకతో ఉన్న స్పందన. మెదడు కాండంలోని సెరటోనిన్ కణాల గుంపు ఒకటి దాన్ని నడిపిస్తుంది. నేర్చుకునేది నిస్సహాయతను కాదు, అదుపును. తాను చేసిన పని వల్ల బాధ ఆగిందని తెలిసినప్పుడు నుదుటి వెనుకనున్న మెదడు భాగం ఆ కణాల గుంపుకు కళ్లెం వేస్తుంది. ఒకసారి అలా జరిగితే తర్వాతి కష్టంలోనూ ఆ కళ్లెం పనికొస్తుంది.

ఈ సవరణతో ఆశను చూసే తీరే మారింది. ఆశ ఊరికే ఉండి, కష్టాలు వచ్చి దాన్ని తినేస్తాయన్నది పాత ఊహ. చేసిన పనికి ఫలితం కనిపించిన ప్రతిసారీ ఆశ కొంచెం కొంచెంగా తయారవుతుందన్నది కొత్త అవగాహన. కాబట్టి ఆశ పుట్టుకతో వచ్చే గుణం కంటే సాగుకే దగ్గర.

మూడు ప్రశ్నలు

ఒకే దెబ్బ తగిలిన ఇద్దరిలో ఒకరు కుంగిపోయి, మరొకరు తేరుకోవడానికి ఆ దెబ్బను వారు తమకు తాము వివరించుకునే తీరు ఒక కారణం. లిన్ అబ్రామ్సన్, సెలిగ్మన్, జాన్ టీస్‌డేల్ 1978లో ఈ తీరును మూడు ప్రశ్నలుగా విడదీశారు. ఈ కష్టం ఎప్పటికీ ఉండేదా, కొన్నాళ్లదా? బతుకంతటికీ పాకిందా, ఒక్క చోటికే పరిమితమా? దీనికి కారణం పూర్తిగా నేనేనా, ఇంకేమైనా ఉన్నాయా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. అరకు, అనంతగిరి కొండల్లో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలి తోటల మీద పడ్డాయి. ఏళ్ల తరబడి పెంచిన నీడ ఒక్క రోజులో పోయింది. ‘కాఫీ మనకు అచ్చిరాదు’ అనుకుంటే అది శాశ్వతమైన, అంతటికీ వర్తించే, తన మీదే నింద వేసుకునే వివరణ. ‘ఈ ఏడు గాలి కొట్టింది, పై వాలులో ఉన్న చెట్లు పోయాయి, కింది వరస నిలిచింది’ అనుకుంటే అది తాత్కాలికమైనది, పరిమితమైనది. నష్టం రెండింటిలోనూ ఒకటే. రెండో వివరణలో మాత్రం మర్నాడు ఏం చేయాలో కనిపిస్తుంది. 2025లో కాఫీ కాయ తొలుచు పురుగు ఈ ప్రాంతంలో కనిపించినప్పుడూ ప్రశ్నలు ఇవే. ఏ తోటలో ఉంది, ఎంత మేరకు పాకింది, ఏ కాయలు ఏరి పారేస్తే ఆగుతుంది?

వివరణ సానుకూలంగా ఉండటానికి అది నిజమై ఉండటం మొదటి షరతు. పురుగు పట్టిన తోటను చూసి ‘ఏమీ కాలేదు’ అనడం ఆశ కాదు, నష్టాన్ని పక్క తోటకు పంపడం.

నమ్మకానికి నాలుగు వేళ్లు

తాను ఈ పని చేయగలనన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బందూరా 1977లో నాలుగు మూలాలుగా చెప్పాడు. స్వయంగా చేసి గెలిచిన అనుభవం, తనలాంటి మరొకరు చేయగా చూడటం, నమ్మదగినవారి ప్రోత్సాహం, ఒంటిలోని స్థితి. వీటిలో మొదటిదే అన్నింటికంటే బలమైనది. మాట చెప్పి నమ్మించడం బలహీనమైనది.

మన్యంలో కాఫీ పాతుకున్న చరిత్రలో వీటిలో మొదటి మూడూ కనిపిస్తాయి. తూర్పు కనుమల్లోకి కాఫీని తెచ్చింది బ్రిటిష్ వారు. స్వాతంత్ర్యానంతరం అటవీ శాఖ, ఆ తర్వాత అటవీ అభివృద్ధి సంస్థ తోటలు పెంచాయి. అప్పటికి గిరిజనులు ఆ తోటల్లో ఎక్కువగా కూలీలు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు తోడ్పాటుతో సొంత పోడు భూముల్లోనే మొక్క నాటడం మొదలయ్యాక పరిస్థితి మారింది. ‘కాఫీ వేస్తే డబ్బు వస్తుంది’ అని అధికారి చెప్పిన మాట కంటే పక్క ఊరి చుట్టం తోటలో ఎరుపెక్కిన పండు ఎక్కువ పని చేస్తుంది. దానికంటే తన తోటలో తన చేత్తో కోసిన మొదటి బుట్ట ఇంకా ఎక్కువ పని చేస్తుంది.

పని ఎంత చిన్న భాగాలుగా విడిపోతే అంత తొందరగా గెలుపు కనిపిస్తుంది. కాఫీలో నాణ్యత పెంచడం అలాంటి పనే. కొమ్మకున్న కాయలన్నీ ఒకేసారి దూసేయకుండా, పండినవాటినే ఏరి, విడతలు విడతలుగా కోయాలి. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఏర్పడి, 2007లో నమోదైన రైతుల సహకార సంఘం ఇలాంటి కాఫీ కొంటుంది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కూడా కాఫీ కొంటుంది. పండు తీరును బట్టి ధర మారుతుందని చూసిన రైతుకు తన చేతి నేర్పుకూ చేతికందే డబ్బుకూ ఉన్న లంకె కళ్ల ముందే తెలుస్తుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. కొండ మీద జరిగిన పనికి దూరదేశంలో విలువ కట్టారన్న కబురు కూడా ఆ లంకెను గట్టిపరుస్తుంది.

కలకూ అంచనాకూ తేడా

మంచి జరుగుతుందని ఊహించుకుంటే చాలు, జరిగి తీరుతుందని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. గాబ్రియేలె ఓటింగెన్ పరిశోధనలు దీనికి ఎదురు చెబుతాయి. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళలను ఆమె, థామస్ వాడెన్ గమనించి 1991లో ఫలితాలు ప్రకటించారు. తగ్గగలమన్న అంచనా బలంగా ఉన్నవారు ఎక్కువ తగ్గారు. సన్నబడిపోయినట్టు తీయగా పగటికలలు కన్నవారు తక్కువ తగ్గారు. కల ఫలితాన్ని ముందే రుచి చూపించి, పనికి కావలసిన ఊపును తగ్గించేస్తుంది. కోరుకున్న ఫలితాన్ని తలచుకుని, వెంటనే దానికి అడ్డొచ్చేదేమిటో కూడా తలచుకుంటే ప్రయత్నం బలపడుతుంది.

మన్యపు పోడు సాగులో ఈ తెలివి పాతదే. ఒకే వాలులో చోడి, సామ, కొర్ర, కంది, వలిసె వంటివి కలిపి వేస్తారు. వాన ముందొస్తే ఒకటి, వెనకబడితే మరొకటి చేతికొస్తుంది. పంట పండుతుందన్న నమ్మకం లేనివారు విత్తరు. వాన మోసం చేస్తుందన్న ఎరుక లేనివారు ఒకే విత్తనం చల్లుతారు. కలగలుపు పంటలో నమ్మకమూ ఎరుకా రెండూ ఉన్నాయి.

అడ్డంకి తెలిశాక, అది ఎదురైతే ఏం చేయాలో ముందే తేల్చుకోవడం తర్వాతి మెట్టు. పీటర్ గోల్‌విట్జర్ దీన్ని ‘ఫలానా అప్పుడు ఫలానా పని’ అనే వాక్యంగా చెప్పాడు. ‘వ్యాయామం చేస్తాను’ అనే నిర్ణయం కంటే ‘పొద్దున్నే పిల్లలు బడికెళ్లగానే చెరువు గట్టు చుట్టూ నడుస్తాను’ అనే నిర్ణయం ఎక్కువగా నెరవేరుతుంది. వేళ, చోటు ఖాయమైతే మనసు మళ్లీ మళ్లీ వాదించుకోనక్కరలేదు. ఊరి సాగు పనులకు, పండుగలకు దిసారి (ముహూర్తాలు చూసే గిరిజన పెద్ద) మంచి రోజు చెప్పే ఆచారం విశ్వాసానికి సంబంధించినది. అయితే ఊరంతా ఒకే రోజు పనికి దిగేలా చేయడంలో అదీ ఇలాంటి మేలే చేస్తుంది.

కొత్త తినే పండుగ

మామిడి కొత్త, కొర్ర కొత్త, సామ కొత్త. ఏజెన్సీ గిరిజనుల పండుగల్లో చాలావాటి పేర్లలోనే పంట ఉంటుంది. ఆ పంటను దేవతకు, పెద్దలకు సమర్పించి పండుగ చేయకుండా ఎవరూ నోట పెట్టకూడదన్నది కట్టుబాటు. కాయ ముదిరేదాకా చెట్టును కాపాడటం దీని వల్ల కలిగే ఒక ప్రయోజనం. మనసుకు కలిగే ప్రయోజనం ఇంకొకటి ఉంది.

దొరికిన మంచికి మనసు తొందరగా అలవాటు పడిపోతుంది. రోజూ తినే అన్నం రుచి తెలియనట్టే, రోజూ ఉన్న మేలు కనిపించదు. కాసేపు ఆగి, పేరు పెట్టి, నలుగురితో కలిసి అనుభవిస్తే ఆ మేలు మళ్లీ కంటికి ఆనుతుంది. ఫ్రెడ్ బ్రయంట్ వంటి శాస్త్రవేత్తలు దీన్ని ‘ఆస్వాదన’గా అధ్యయనం చేశారు. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు వారానికోసారి తమకు జరిగిన మేళ్లను ఐదు దాకా రాశారు, మరికొందరు చిరాకులను రాశారు. పది వారాల తర్వాత మొదటి గుంపువారు తమ బతుకు పట్ల ఎక్కువ తృప్తి చూపారు. తర్వాతి పరిశోధనల్లో ఈ ప్రభావం కొంచెమేనని తేలింది. అయితే ఖర్చులేని పని కాబట్టి ఆ కొంచెమూ లాభమే.

పంట ఇంటికి రాకముందు రోజుల బరువు కూడా కొలతకు అందింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత బుద్ధి పరీక్షలు పెట్టారు. 2013లో వెలువడిన ఆ అధ్యయనంలో అదే రైతు చేతిలో డబ్బు లేని రోజుల్లో తక్కువగా, కోత డబ్బు వచ్చాక మెరుగ్గా రాణించాడు. కొరత మనసులో చోటు ఆక్రమిస్తుంది. ఆశపడటానికి, ఆలోచించడానికి ఆ చోటే కావాలి. లేమిలో ఉన్నవారిని ‘ఆలోచన మార్చుకోండి’ అని హెచ్చరించే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

చేతులు కలిపిన వరుస

థింసాలో స్త్రీలు ఒకరి వీపు వెనుక నుంచి మరొకరి చేయి పట్టుకుని వరుస కడతారు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ముల మోతకు అడుగులు ఒక్కటవుతాయి. ఆకులు ఏరడం, రాళ్లు తీయడం వంటి రోజువారీ పనులే కొన్ని అడుగుల్లో కనిపిస్తాయి. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లోనూ, పెళ్లిళ్లలోనూ ఒక ఊరివారు మరో ఊరికి వెళ్లి ఆడి, కలిసి భోంచేస్తారు.

కలిసి ఒకే లయలో కదిలినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో బ్రోన్‌విన్ టార్, రాబిన్ డన్‌బార్ బృందం బ్రెజిల్ విద్యార్థులపై పరీక్షించి 2015లో ప్రకటించింది. ఒకే అడుగు వేసినవారిలో నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగింది, పక్కవారి పట్ల దగ్గరితనమూ పెరిగింది. శరీరం తనలో తాను తయారుచేసుకునే ఎండార్ఫిన్లు ఇందుకు కారణమని వారి అంచనా. ఆడినవారి అలసట ఒక్కటే దీనికి కారణం కాదు. అడుగు కలవడానికీ విడిగా ప్రభావం ఉంది.

తోడు విలువ నృత్యంతో ఆగదు. జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్, ఆమె సహచరులు 2010లో 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూశారు. బంధాలు బలంగా ఉన్నవారు అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం బలహీనంగా ఉన్నవారి కంటే దాదాపు 50 శాతం ఎక్కువ. వారపు సంతకు ఉప్పు, నూనె కోసం వెళ్లినవారు అత్తవారి ఊరి కబురు, పొలం కబురు కూడా మోసుకొస్తారు. ఆ మాటామంతీకి ఆరోగ్య విలువ ఉందని ఈ లెక్కలు చెబుతాయి.

పని చేయని కిటుకులు

ఈ రంగంలో ప్రచారం పొందిన కొన్ని విషయాలు పరీక్షకు నిలవలేదు. పళ్ల మధ్య పెన్ను పెట్టుకుని నవ్వు ముఖం తెచ్చుకుంటే బొమ్మలు మరింత సరదాగా అనిపిస్తాయన్న 1988 నాటి ప్రయోగాన్ని 2016లో 17 ప్రయోగశాలలు తిరిగి చేస్తే ఆ ఫలితం రాలేదు. మంచి భావాలు చెడు భావాల కంటే 2.9 రెట్లు దాటితే బతుకు వికసిస్తుందని 2005లో వచ్చిన సూత్రంలో గణితమే తప్పని 2013లో తేలింది. ‘నేను ప్రేమకు అర్హుణ్ని’ అని పదే పదే అనుకోవడం తమ మీద తమకు నమ్మకం తక్కువున్నవారిని ఇంకా కుంగదీసిందని జోవాన్ వుడ్ బృందం 2009లో చూపింది. మనసు నమ్మని మాటను నోరు ఎన్నిసార్లు పలికినా లోపలి నుంచి ‘అబద్ధం’ అనే వినిపిస్తుంది.

దృక్పథం చేయలేని పని

మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను, రోగులను నేటికీ డోలీలో మోసుకెళ్లవలసి వస్తుంది. కొడవలి కణ రక్తహీనత గిరిజనులను వెంటాడుతున్న జన్యు వ్యాధి. దీని నిర్మూలనకు 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇలాంటి చోట ఆశావాదం రోడ్డుకు, ఆసుపత్రికి, రక్త పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. ఫలితం నిజంగా మన చేతిలో లేనప్పుడు ‘అంతా నీ ఆలోచనలోనే ఉంది’ అనడం కష్టానికి నింద కలపడమే.

అయితే చేతిలో ఉన్నంత మేరకు కదలిక వస్తే దానికి తోడు కలుస్తుంది. 2020లో సాలూరు మండలం చింతామల గిరిజనులు ఏళ్ల ఎదురుచూపు తర్వాత తామే డబ్బు పోగేసుకుని కొండ మీద రోడ్డు వేసుకున్నారు. అది వారి పట్టుదలకు రుజువు. వారికి ముందే అందవలసిన సౌకర్యానికీ రుజువే.

కుంగుబాటు వ్యాధిగా ముదిరినప్పుడు సొంత ప్రయత్నం ఒక్కటే చాలదు. రెండు వారాలకు పైగా ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నిద్ర, తిండి చెడటం చికిత్స అవసరమని చెప్పే గుర్తులు. బతకాలనిపించకపోతే మాత్రం రెండు వారాలు ఆగకుండా వెంటనే సాయం కోరాలి. ఇక్కడ కూడా ఆధారం చేతలే. విక్రమ్ పటేల్ బృందం గోవాలో 495 మందిపై జరిపి, 2017లో ప్రకటించిన పరీక్షలో, వైద్యులు కాని సాధారణ సలహాదారులు ఆరు నుంచి ఎనిమిది విడతల్లో రోగులతో మాట్లాడారు. మానేసిన చిన్న చిన్న పనులను మళ్లీ మొదలుపెట్టించడమే ఆ చికిత్సలో ముఖ్యం. కుంగుబాటు తగ్గింది, ఏడాది తర్వాతా ఆ మేలు నిలిచింది. ‘హుషారు వచ్చాక పని చేస్తాను’ అనే వరసను అది తిరగేసింది. పని ముందు, హుషారు వెనుక. దేశవ్యాప్తంగా 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో ఉచితంగా, రాత్రింబగళ్లు అందుబాటులో ఉంది.

రోజువారీ సాధన

పరిశోధన బలపరిచిన అలవాట్లు కొద్దే. రోజుకు ఒక పని, ఆ రోజే పూర్తయ్యేంత చిన్నది, ఎంచుకుని ముగించడం. దానికి వేళ, చోటు ముందే అనుకోవడం. దెబ్బ తగిలితే అది ఎన్నాళ్లది, ఎంత మేరకు, కారణాలేమిటి అని కాగితం మీద పెట్టడం. వారానికోసారి జరిగిన మేళ్లను పేరు పెట్టి తలచుకోవడం. నడక, ఆట, పాట, భజన, ఏదైనా సరే, మరొకరితో కలిసి చేయడం. చేయగలిగినవారిని దగ్గర నుంచి చూడటం.

ఇవి ఫలిస్తున్నాయో లేదో ముఖంలోని నవ్వును బట్టి తెలియదు. ఓటమికీ మళ్లీ ప్రయత్నానికీ మధ్య గడిచే కాలమే దానికి కొలత. ఆ కాలం తగ్గుతూ వస్తే దృక్పథం మారుతున్నట్టే. తుపానుకు కూలిన సిల్వర్ ఓక్ స్థానంలో మళ్లీ నాటిన మొక్క నీడనివ్వడానికి కొన్నేళ్లు పడుతుంది. గొయ్యి తవ్వడానికి మాత్రం ఒక పూట చాలు.